చిన్నమ్మ ముఖం పట్టే కెమెరా

ఉమకు చీరలను ఫోటో తీయడం వచ్చు, మనుషులను తీయడం రాదు. ఈ మాట అన్నది పరాయివాళ్లు కాదు, సొంత చిన్నమ్మ లలితమ్మ. మూడేళ్ల కింద గద్వాలలో ఒక చీరల దుకాణం కోసం ఉమ ఆమెను కొత్త చీరలో నిలబెట్టి తీసింది. అంచు మీది నెమళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. ముఖం మాత్రం మసక. దుకాణం వాళ్లు ఫోటోలో ఆ మసక ముఖాన్ని కత్తిరించేసి చీర వరకే గోడకెక్కించారు. ఆ రోజు నుంచి లలితమ్మ కెమెరా ముందుకు వస్తే ఒట్టు.

ఇప్పుడు ఉమ సొంతంగా స్టూడియో పెడుతోంది, అచ్చంగా మనుషుల ఫోటోలకే. గోడకు పెట్టే మొదటి ఫోటో చిన్నమ్మదే కావాలని పంతం. పెంచి పెద్ద చేసిన మనిషి మరి! వనపర్తిలో కెమెరాలమ్మే ప్రశాంత్‌ను బతిమాలి రెండు కెమెరాలు ఒక రోజుకు తెచ్చుకుంది. నచ్చినది ఉంచుకుని రెండోది తిరిగి ఇవ్వాలి.

“ఒక్కసారి కూసో చిన్నమ్మా. మంచిగ రాకుంటే మల్ల అడగ.”

“మాట మీదుంటవా?”

“ఉంట.”

అంటూ ఉమ కిటికీ బార్లా తెరిచింది.

ఇంట్లో మగ్గం పక్కన, కిటికీ వెలుతురులో, లలితమ్మ పట్టంచు చీర కట్టుకుని కూర్చుంది. మొదట నలభై ఐదు మెగాపిక్సెళ్ల కెమెరా. ఉమ ఒకటి తీసి, తెర మీద పెద్దది చేసి చూసింది. అబ్బ, ఏం స్పష్టత! నూలూ పట్టూ కలిసే చోట పోగుపోగూ కనిపిస్తోంది. ఇదే కొనాలి అనుకుంది. నేత ఇంటి పిల్ల బుద్ధి ఎక్కడికి పోతుంది!

లలితమ్మ లేచి వచ్చి తొంగి చూసింది.

“ఏం చూస్తున్నవే?”

“అంచు...” ఉమ నాలుక కరుచుకుంది.

“మల్ల అంచేనా? నేసింది నేను, కట్టింది నేను. గీ ఫోటోల నేనేడున్ననే?”

లలితమ్మ విసవిసా లోపలికి పోయింది. ఉమకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇక ఆమె రాదు, అయిపోయింది అనుకుంటూ కెమెరాలు సర్దబోయింది.

అంతలో లలితమ్మ తిరిగి వచ్చింది. ఒంటి మీద ఉతికి ఉతికి వెలిసిపోయిన సాదా చీర. అంచు లేదు, బుటా లేదు.

“గిప్పుడు తియ్యి. చీరల చూసేతందుకు ఏం లేదు. నన్ను చూడు.”

ఉమ రెండో కెమెరా అందుకుంది. మెగాపిక్సెళ్లు సగమే, కానీ మనిషి కన్నును తనే వెతికి పట్టుకుంటుంది. తెర మీద చిన్న చతురస్రం లలితమ్మ కంటి మీద వాలింది, ఆమె కదిలినా వదలలేదు. ఆ కళ్లలో కోపం ఉంటుందనుకుంది ఉమ. కోపం కాదు, బెదురు. ఈసారి కూడా ఫోటోలో తను రాదేమోనన్న బెదురు. ఉమ ఆ కళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు. నొక్కింది.

లలితమ్మ కెమెరాను రెండు చేతులా పట్టుకుని తెర మీద తన ముఖం చూసుకుంది. మొదటి కెమెరా తిరిగి వనపర్తికేనని ఉమకు అప్పుడే తేలిపోయింది.

“నేనొచ్చిననే,” అంది లలితమ్మ మెల్లగా. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. “ఇంకోటి తియ్యి. జర నవ్వుత.”