నిద్రకి సగం మార్కులు

విమానంలో సీటుకి కూడా బహుమతి ఇస్తారంటే ఆడపడుచు నమ్మలేదు. "సీటుకా వదినా? అందులో కూర్చున్నవాడికి కాదూ ఇవ్వాల్సింది?" అంది. పర్సరమ్మకి నవ్వొచ్చింది. చాలా కాలానికి వచ్చిన నవ్వు కనుక ఆపుకోకుండా తనివితీరా నవ్వుకుంది.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ పిలవరు. విమానంలో ప్రయాణికుల బాగోగులు చూసే సిబ్బందికి పెద్దని పర్సర్ అంటారు. ఉద్యోగం చివరి పదేళ్ళూ ఆమె చేసిన పని అదే. కొత్తగా చేరిన పిల్లలు గౌరవంకొద్దీ చివర తగిలించిన 'అమ్మ' రిటైరయ్యాక కూడా ఊడిపోలేదు. ఇప్పుడు విమానయాన పురస్కారాలవాళ్ళు ఎకానమీ తరగతిలో ఉత్తమ సీటు ఏదో తేల్చే జడ్జీగా ఆమెని రమ్మన్నారు. భర్త పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆమె గడప దాటిందంటే బ్యాంకు కోసమో, మందుల షాపు కోసమో. అందుకే ఉత్తరం చదివిన పూటే ఫోన్ చేసి సరేననేసింది.

ఒక్క సంగతి మాత్రం వాళ్ళతో చెప్పలేదు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమెకి కంటిమీద కునుకు లేదు. మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుందే తప్ప నిద్ర రాదు. వేడిపాలు తాగి చూసింది, దిండ్లు మార్చి చూసింది, అంకెలు వెనక్కి లెక్కపెట్టి చూసింది. డాక్టరు 'మనసు ప్రశాంతంగా ఉంచుకోండి' అని రాసిచ్చాడు, అదేదో షాపులో దొరుకుతుందన్నట్టు. పక్క గదిలోనే ఉండే ఆడపడుచుకి కూడా ఆమె ఈ విషయం చెప్పలేదు. అన్నని పోగొట్టుకున్న మనిషి, పగలంతా బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకుని వస్తుంది, ఆమె నెత్తిన ఇదొకటి రుద్దడమెందుకని ఊరుకుంది.

నిద్రలేని మనిషి సీట్ల పోటీకి జడ్జీగా వెళ్తే వచ్చే తంటా ఏమిటో అక్కడికి వెళ్ళాకగానీ తెలిసిరాలేదు. మొత్తం మార్కుల్లో సగం నిద్రవే. రాత్రంతా సాగే ప్రయాణాల కోసం చేసిన సీట్లు కదా మరి.

పోటీ జరిగేది ఊరి చివర గోదాములాంటి భవనంలో. లోపల విమానం పొట్ట ఒక ముక్క కోసి తెచ్చి పెట్టినట్టు పొడుగాటి గది ఉంది. కిటికీలకి మూతలు, నేల కింద స్పీకర్లలోంచి ఇంజను హోరు. పోటీలో ఉన్నవి మూడు సీట్లు, రోజుకొకటి బిగిస్తారు. చేసినవాళ్ళ పేరు కనపడకుండా గుడ్డ కప్పి, నంబరు అంటిస్తారు. జడ్జీలు పొద్దున వెళ్ళి కూర్చుంటే మధ్యాహ్నం మూడింటి దాకా అందులోనే. తినడం అందులోనే, చదువుకోవడం అందులోనే, దీపాలు తగ్గించాక నిద్రపోవాల్సిందీ అందులోనే. ఎవరు ఎంతసేపు నిద్రపోయారో పైనున్న చిన్న కెమెరా చూస్తుంది.

జడ్జీలు ముగ్గురు. అధ్యక్షుడు రిటైరైన పైలట్, అందరూ కెప్టెన్ అంటారు. కిటికీ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకోవడమే తరువాయి, గుర్రు మొదలు. ఇలాంటి మనిషి అన్నేళ్ళు విమానం నడిపాడంటే ఆ ప్రయాణికులు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. తనకి రాతిబండ మీదైనా నిద్రొస్తుందని, తన నిద్ర లెక్కలోకి తీసుకోవద్దని ఆయనే ముందుగా చెప్పేశాడు. రెండో ఆయన కీళ్ళ డాక్టరు. ఎత్తుకి ఎత్తూ లావుకి లావూ ఉన్న మనిషి, మాట దగ్గర మాత్రం మహా పొదుపు. కాళ్ళు చాపుకోవడానికి నడవ పక్కన కూర్చున్నాడు. మధ్య సీటు పర్సరమ్మ కోరి తీసుకుంది. ఉద్యోగమంతా నడవలో నడిచాను, ఇంక దాని మొహం చూడను అంది.

ఒకటో నంబరు సీటు మెత్తగానే ఉంది కానీ మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. దీపాలు తగ్గించారు. కెప్టెన్ గుర్రు పెట్టాడు, డాక్టరు ఒక కునుకు తీశాడు, పర్సరమ్మ కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని కూర్చుంది. నిద్రకి సున్నా వేసింది. రెండో రోజు రెండో నంబరు. వంక పెట్టడానికి లేని సీటు. నడుము ఎక్కడ వంగాలో తెలిసినవాడెవడో చేసింది. మెడకి ఆసరా ఉంది, చేతులు పెట్టుకునే దిమ్మె మీద ఇద్దరి మోచేతులూ గొడవ లేకుండా సర్దుకున్నాయి. అందులోనూ ఆమెకి రెప్ప పడలేదు. సున్నా వేసేముందు కలం ఆగింది. ఇది సీటు తప్పు కాదని ఆమెకి తెలుసు. తెలిసీ సున్నాయే వేసింది, నిద్రపోలేదు కనుక పోలేదని రాశాను, అందులో అబద్ధమేముందని తనకి తనే సర్దిచెప్పుకుంది.

కెప్టెన్ ఆ అంకె చూసి తల పట్టుకున్నాడు. "పర్సరమ్మగారి దగ్గర మార్కులు రాబట్టడం కంటే రన్‌వే లేనిచోట విమానం దించడం తేలిక" అన్నాడు. ఆమెకి లోపల గర్వంగానే అనిపించింది, నిజం చెప్పొద్దూ.

మూడో నంబరు సీటు చూడగానే మాత్రం ఒళ్ళు మండింది. ఉన్న వరుసలో ఇంకో మనిషిని ఇరికించి టికెట్టు అమ్ముకోవడానికి ఆలోచించి చేసిన సీటు అది. వీపు పలచన, కూర్చునే చోటు ఇరుకు, మధ్య దిమ్మె వేలెడు వెడల్పు. డాక్టరు కూర్చునేసరికి ఆయన చెయ్యి ఇటువైపు వచ్చి పడింది.

"ఏమీ అనుకోకండమ్మా, నా చెయ్యి మీ సరిహద్దు దాటుతోంది" అన్నాడాయన ఇబ్బందిగా.

"సరిహద్దు గీసినవాడు వేరే ఉన్నాడు లెండి. మీరేం చేస్తారు?" అంది పర్సరమ్మ.

దీపాలు తగ్గాయి. దుప్పట్లు కప్పుకున్నారు. డాక్టరు చెయ్యి ఆమె చేతికి ఆనుకుని బరువుగా, వెచ్చగా ఉంది. జరుగుదామంటే అటుపక్క కెప్టెన్. ఇదేం ఖర్మరా బాబూ అనుకుంది. మధ్య దిమ్మె వెడల్పు గురించి ఎంత ఘాటుగా రాయాలా అని మాటలు వెతుక్కుంటోంది. ఆ మాటలు దొరికాయో లేదో ఆమెకి గుర్తు లేదు.

మెలకువ వచ్చేసరికి దీపాలన్నీ వెలుగుతున్నాయి. "ఏమండీ, టైమెంతయింది?" అనబోయి, పక్కన డాక్టర్ని చూసి నోరు మూసుకుంది. కెప్టెన్ అప్పటికే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. రెండు గంటలకి పైగా నిద్రపోయిందట, మధ్యలో కదలనైనా కదల్లేదట. ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. ఏడాదిగా తల చుట్టూ బిగించి కట్టిన గుడ్డ ఎవరో విప్పేసినట్టుంది. ముందు సంతోషం కలిగింది, ఆ వెంటనే సిగ్గు కమ్ముకుంది. ఎందుకు నిద్రపట్టిందో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

ముగ్గురూ పక్క గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. కెప్టెన్ అంకెలు కూడాడు. పర్సరమ్మ నిద్ర మార్కులు మూడో నంబరుకి పడితే అదే గెలుస్తుంది. గెలిచిన సీటునే ఒక పెద్ద సంస్థ తన విమానాలన్నిట్లోనూ బిగించబోతోందని అందరికీ తెలుసు.

"నాకు నచ్చలేదు. చెయ్యి కదపడానికి చోటు లేదు" అన్నాడు డాక్టరు.

"మీకు నచ్చకపోవచ్చు. రెండు సీట్లకి సున్నా వేసిన మనిషి ఇందులో నిద్రపోయారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు కెప్టెన్. "మీరేమంటారు పర్సరమ్మగారూ?"

ఆమె గ్లాసులో నీళ్ళు తాగింది. ఊరుకుంటే సరిపోతుంది. దుప్పటి కింద చేతులు కెమెరాకి కనపడవు, డాక్టరు తనంతట తాను ఆ మాట ఎత్తే మనిషి కాదు. వచ్చే ఏడూ పిలుస్తారు. నోరు విప్పితే మాత్రం నిద్రే రాని జడ్జీని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. పైగా ఇద్దరు పరాయి మగవాళ్ళ ముందు ఆ మాట ఎలా అంటుంది? కానీ మధ్య సీటువాళ్ళు ఆమెకి తెలుసు. "ఇంకెక్కడైనా ఖాళీ ఉందా మేడమ్?" అని రాత్రి పొడుగునా అడిగిన ఎందరికి తను లేదని చెప్పిందో. ఒళ్ళో బిడ్డని పెట్టుకుని ఆ వేలెడు దిమ్మె పక్కన ఇరుక్కోబోయే తల్లికి, నీకీ సీటు నేనే ఇప్పించానమ్మా అని చెప్పగలదా?

"నా నిద్ర మార్కులు తీసెయ్యండి. మూడు సీట్లవీ" అంది.

కెప్టెన్ కలం కింద పెట్టాడు. "ఎందుకండీ?"

"నాకు మా ఇంట్లోనే నిద్ర రాదు. మావారు పోయినప్పటినుంచీ లేదు. మొదటి రోజే మీకు చెప్పాల్సింది. రెండో నంబరుకి సున్నా వేసి అన్యాయం చేశాను, అది బంగారంలాంటి సీటు." ఆమె బల్లవైపే చూస్తూ చెప్పింది. "ఇవాళ నిద్రపట్టింది సీటు బాగుండి కాదు, ఇరుగ్గా ఉండి. డాక్టరుగారి చెయ్యి నా చేతికి ఆనుకుంది. మావారి చెయ్యీ అంతే బరువు. అంతే సంగతి."

డాక్టరు మోచెయ్యి రుద్దుకున్నాడు.

"నా చెయ్యి తిమ్మిరెక్కింది. ఇంకా దిగలేదు."

"మరి తియ్యలేకపోయారా?" అన్నాడు కెప్టెన్.

"ఆవిడ నిద్రపోతున్నారు కదండీ" అన్నాడు డాక్టరు.

కెప్టెన్ అంకెలు మళ్ళీ కూడాడు. రెండో నంబరు గెలిచింది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. పర్సరమ్మ లేస్తూంటే ఆయన, "వచ్చే ఏడు మిమ్మల్ని భోజనాల విభాగంలో వేస్తాను. ఆకలి సరిగ్గానే వేస్తుందా?" అన్నాడు. వేస్తుందని ఆమె చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు గుంకలేదు. ఆడపడుచు బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. పర్సరమ్మ చెప్పులు విప్పి, ఎదురుగా కూర్చుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరు చెయ్యి సంగతి కూడా దాచలేదు. ఆడపడుచు నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు.

"నన్నడిగి ఉంటే మొదటి రోజే చెప్పేదాన్ని, మా వదినకి నిద్ర రాదని" అంది.

"నీకెలా తెలుసు?"

"గోడకి ఇవతల నేను లేనూ? నువ్వు దొర్లినప్పుడల్లా మంచం కిర్రుమంటుంది. అది ఆగేదాకా నాకూ నిద్ర పట్టదు. నువ్వా, ఆగవు."

"ఏడాదిగానా?"

"అన్నయ్య పోయినప్పటినుంచీ."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

పర్సరమ్మకి కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక ఆ కోపం కళ్ళలోకి వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరికొకరు బరువు కాకూడదని ఏడాది పొడుగునా గోడకి చెరోవైపు మెలకువగా పడి ఉన్నారు. ఇద్దరికిద్దరూ ఎంత తెలివితక్కువవాళ్ళో అనుకుంది.

"నీ దిండు తెచ్చుకో" అంది.

"ఇప్పుడా? ఇంకా వెలుతురుంది, పేపర్లు సగం దిద్దలేదు."

"రేపు దిద్దుకుందువుగానీ. రా."

ఆడపడుచు దిండు తెచ్చుకుంది. ఇద్దరికి చాలే మంచమే, కానీ ఏడాదిగా ఆ రెండో పక్కన బట్టలూ పుస్తకాలూ పేరుకుపోయాయి. పర్సరమ్మ వాటిని కొంత తోసింది, తక్కినవి తియ్యడానికి ఓపిక లేక అలాగే వదిలేసింది. మిగిలిన చోటులో ఇద్దరూ పక్కపక్కన సర్దుకుని పడుకున్నారు. కిటికీలోంచి ఎండ కాళ్ళ మీద పడుతోంది.

"వదినా, నా చెయ్యి నీకు అడ్డమేమో" అంది ఆడపడుచు, వెనక్కి తీసుకోబోతూ.

"తియ్యకు" అంది పర్సరమ్మ.