సైదమ్మ కట్టిన నా అద్దె

నేను ఒక అరిచే డబ్బాను. కంపెనీ వాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. ఇంగ్లీషులో చాలా గొప్పగా ఉంటుంది గానీ దాన్ని ఎవరైనా పలకగా నేను వినలేదు. కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని, ఎవరైనా ఫోన్‌తో డబ్బు పంపగానే 'ఇరవై రూపాయలు అందాయి' అని వీధంతా వినపడేలా అరుస్తానే, ఆ డబ్బానే. మీరు నన్ను చూడకపోయినా విని ఉంటారు. వినకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏదో ఊరి బయట రేకుల షెడ్డులో నాలాంటివి వేలకు వేలు తయారయ్యాయి. ఒకమ్మాయి నా కడుపులో బ్యాటరీ పెట్టింది, ఒకామె మూత బిగించింది, ఇంకొకామె అడుగున నంబరు చీటీ అంటించింది. 'ఒక్క రూపాయి అందింది' అని నా చేత ఒకసారి అనిపించి చూసి అట్టపెట్టెలో పడేశారు. ఆ రూపాయి ఎవరూ ఇచ్చింది లేదు. అంటే నా మొదటి మాటే అబద్ధం.

నన్ను చీరాలకు తెచ్చినవాడు వంశీధర్ అనే ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు, అవతలివాళ్లను బట్టి అక్కా, పిన్నీ, బాబాయ్ అని వరస కలిపేసే నోరు. అతను నన్ను పేరాల సందులో సైదమ్మ అరుగు మీద పెట్టాడు. సైదమ్మ దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. యాభై రెండేళ్ల మనిషి, భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా ఆ గ్రైండరు మీదే బతుకుతోంది.

మూడు నెలలు ఉచితమని, ఆ తర్వాత నెలకు నూట పాతిక రూపాయల అద్దె అని, వద్దనుకున్న రోజు తిరిగిచ్చేయొచ్చని వంశీధర్ చెప్పాడు. ఆమె ఫోన్ తీసుకుని తానే ఏవేవో నొక్కి, ఆమె వేలు రెండుసార్లు ఒత్తించాడు. ఆ ఒత్తుడుతో, ప్రతి నెలా తొమ్మిదో తారీఖున కంపెనీ ఆమె ఖాతాలోంచి అద్దె తనంతట తాను తీసుకునే హక్కు పుట్టింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నా వల్ల ఆమెకు ఒరిగింది కూడా ఏమీ లేదు. సందులో ఆడవాళ్లు గిన్నె చేత్తో పట్టుకుని, కొంగున ముడేసిన పది రూపాయల నోటుతో వచ్చేవాళ్లు. రోజంతా కూర్చుంటే నాకు ఏడెనిమిది అరుపులు దక్కేవి. సైదమ్మ పిండి చేత్తోనే నన్ను అటూ ఇటూ జరిపేది. ఆ పిండి నా గొంతు చిల్లుల్లో ఎండిపోయి, నా కేక కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది.

మూడో నెల నిండకముందే వంశీధర్‌ను పిలిపించింది. నన్ను తడిగుడ్డతో తుడిచి, చార్జరు తీగ చుట్టి, పక్కింటి ఆవిడ చూస్తుండగా అతని చేతిలో పెట్టింది. కాగితం అడగలేదు. అడగాలని ఆమెకు తట్టనే లేదు. వాళ్ల నాన్న కాశింసాయిబు పెళ్లిళ్లకు గుండిగలూ గరిటెలూ అద్దెకిచ్చేవాడు. వాళ్లింట్లో లెక్క ఒక్కటే. సామాను గడప దాటి లోపలికి వచ్చి, చూసేవాళ్ల ముందు లెక్క సరిపోయిందా, అద్దె అక్కడితో ఆగిపోయినట్టే. పుట్టినప్పటినుంచి చూసినదాన్నే ఆమె నమ్మింది. ఇందులో ఆమె తప్పేముందో మీరే చెప్పండి.

వంశీధర్ నన్ను కంపెనీకి అప్పగించలేదు. నాలుగు రోజులు బండి డిక్కీలో తిప్పి, స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి నడిపే అంకారావుకు రెండున్నర వేలకు అమ్మేశాడు. నా అరుపును అతని ఖాతాకు తిప్పాడు గానీ అద్దెను మాత్రం సైదమ్మ ఖాతాలోనే వదిలేశాడు. ఆ తర్వాత ఉద్యోగమూ మానేశాడు, ఫోన్ నంబరూ మార్చేశాడు. అంకారావు బండి మీద నాకు తీరిక లేదు. పొద్దున ఆరింటినుంచి దోసె మీద దోసె, కేక మీద కేక. వెధవ గర్వం కూడా పట్టుకుంది, దాచుకోవడం దేనికి.

ఆ నూట పాతిక ఏం చేసిందో చెప్తాను. ఇదంతా తర్వాత సైదమ్మ నోటనే విన్నాను.

సైదమ్మ పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘంలో ఉంది. కోటిరత్నం అనే ఆమె లీడరు. ప్రతి నెలా పదో తారీఖున ఒక్కొక్కరి ఖాతాలోంచి వాయిదా సంఘం అప్పుకు పోతుంది. ఒక్కరు తప్పినా పదిమందీ తప్పినట్టే రాసుకుంటుంది బ్యాంకు. ఏడాదంతా సక్రమంగా కడితే కొత్త అప్పు వస్తుంది. సైదమ్మ వాటా అరవై వేలు. దాంతో పెద్ద గ్రైండరు కొనాలన్నది ఆమె ఆశ. పాతదాని రాళ్లు అరిగిపోయాయి, పిండి బరకగా వస్తోంది, బేరాలు జారిపోతున్నాయి. ఆ అప్పు రాకపోతే ఆమె వ్యాపారం లేనట్టే.

చేతిలో ఉన్న ప్రతి రూపాయీ మినప్పప్పుకే పోతుంది కనక, సైదమ్మ ఎనిమిదో తారీఖు సాయంత్రం వాయిదాకు సరిగ్గా సరిపడా డబ్బే ఖాతాలో వేసేది. తొమ్మిదిన కంపెనీ నా అద్దె లాక్కునేది. పదిన వాయిదాకు నూట పాతిక తక్కువయ్యేది. బ్యాంకు దానిమీద జరిమానా వేసేది. ఫోన్‌కు వచ్చే ఇంగ్లీషు మెసేజీలు ఆమె చదవలేదు. మొదటిసారి బ్యాంకువాళ్ల పొరపాటేమో అనుకున్నారు. రెండోసారి మిగతావాళ్లు తలా కాస్త వేసి సర్దారు, మొహాలు మాత్రం చిట్లించుకున్నారు. మూడోసారి కోటిరత్నం పాస్‌బుక్కు అచ్చు వేయించుకొచ్చి చూస్తే నా పేరు బయటపడింది.

సైదమ్మ కంపెనీకి ఫోన్ చేసింది. డబ్బా తిరిగిచ్చేశానని చెప్పింది. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీ డబ్బా వాడకంలోనే ఉందండీ. నిన్న కూడా నూట నలభైసార్లు మోగింది. డబ్బా మాకు అందితేనే అద్దె ఆగుతుంది."

నా అడుగున ఉన్న నంబరులో చివరి నాలుగంకెలు మాత్రం చెప్పింది. నేను ఎక్కడున్నానో చెప్పడానికి రూలు ఒప్పుకోదట.

అంకారావు బండికి పిండి వేస్తానని అడగడానికి ఒకరోజు సైదమ్మ వచ్చింది. నేను అరిచాను. ఆమె చటుక్కున తల తిప్పి నన్ను చేతిలోకి తీసుకుంది. నా చిల్లుల్లో ఎండిన తన పిండిని గోటితో గీకింది, తిరగేసి నంబరు చూసింది. చివరి నాలుగంకెలు అవే. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది.

"ఇది నాది అంకారావూ. దీని అద్దె నేను కడతన్నా."

అంకారావు చెడ్డవాడేం కాదు. దోసె మాడిపోతున్నా పట్టించుకోకుండా మొత్తం విన్నాడు. కానీ నన్ను ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని మళ్లీ యథాస్థానంలో పెట్టాడు.

"నేనూ డబ్బులిచ్చే తీసుకున్నానక్కా. ఇది లేకపోతే నా బేరం ఎట్టా జరుగుద్ది?"

మళ్లీ ఫోన్లు, మళ్లీ మర్యాదలు. ఫిర్యాదుకు ఒక నంబరిచ్చారు, వారానికి ఆ ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజీ పెట్టారు. ఏం పరిష్కరించారో వాళ్లకే తెలియాలి. ఇంకో రెండు తొమ్మిదో తారీఖులు గడిచాయి. చివరికి బ్యాంకులో కొత్తగా వచ్చిన ఒకావిడ, ఇలా తీసుకోవడం ఆపడానికి ఒక కాగితం మీద సంతకం చాలునని చెప్పి, పది నిమిషాల్లో ఆపేసింది. ఆ కాగితం మొదటినుంచీ అక్కడే ఉంది. కంపెనీని అడగమన్నవాళ్లే తప్ప, దాని గురించి ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

అప్పటికి సంఘం కూర్చోవడం అయిపోయింది. సైదమ్మ ఉంటే కొత్త అప్పు రాదని బ్యాంకు తేల్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. తానే లేచి పుస్తకంలో తన పేరు కొట్టేయమని చెప్పి వచ్చేసింది.

నెల తిరక్కుండా గ్రైండరు ఆగిపోయింది. ఇప్పుడు ఆమె అంకారావు బండి దగ్గరే రోజుకూలికి పప్పు కడుగుతుంది, అతని గ్రైండర్లో పిండి రుబ్బుతుంది, ప్లేట్లు కడుగుతుంది. పొద్దున్నే నన్ను తుడిచేదీ ఆమే.

"అయిదు నెలలు మేపాను గదే నిన్ను" అంది ఒకరోజు తుడుస్తూ. కోపం కూడా లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న కోటిరత్నం వాళ్లంతా బ్యాంకు నుంచి నేరుగా బండి దగ్గరికి వచ్చారు. కొత్త అప్పు చేతికొచ్చిందట, మొహాలు వెలిగిపోతున్నాయి. సైదమ్మ వెనక ప్లేట్లు కడుగుతున్న సంగతి ముందు ఎవరూ చూసుకోలేదు. కోటిరత్నం ఎన్నేళ్లుగానో అలవాటైన నోటితో అంకారావుకు చెప్పింది.

"పది ప్లేట్లు వెయ్యి తమ్ముడూ."

సైదమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"తొమ్మిదే గదా కోటిరత్నం మీరు" అని చెప్పి ప్లేట్లు లెక్కపెట్టి పరిచింది.

వాళ్లు తలలు వంచుకుని తిన్నారు. కోటిరత్నం ఫోన్ తీసింది. 'నాలుగు వందల యాభై రూపాయలు అందాయి' అని నేను వీధంతా వినపడేలా అరిచాను. సైదమ్మ ఎంగిలి ప్లేట్లు ఎత్తుకుని బండి వెనక్కి వెళ్లింది.