శనివారపు రంగు

రాత్రి మూడు గంటల వేళ రెండుసార్లు వచ్చింది. ఏటా అక్టోబరు చివర గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పే రాత్రి ఇదే తంటా, మీటర్లు ఒకే గంటను రెండుసార్లు రాసి పంపుతాయి. ఇల్పో రాసానెన్ అదనపు వరసను పక్కకు తీశాడు. చెడిపోయిన మీటర్లు పంపిన సున్నాలను వేలితో తెర తడుముతూ ఏరేశాడు. బియ్యంలో రాళ్లేరే ఓపిక అతనిది. ఊరి కరెంటు ఆఫీసులో ఆ ఓపికతోనే జుట్టు నెరిసింది.

మనిషి పొడుగు, కాస్త వంగిన వీపు, చేటలంత అరచేతులు. స్తంభాలెక్కడానికి పుట్టిన చేతులని లైన్‌మన్ పని చేసిన తండ్రి మురిసిపోయేవాడు. ఇల్పో కూడా ఆ పనికే వెళ్లాడు. అక్కడి డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందుపెట్టి, లోపల ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. ఇల్పోకి చుక్కలే కనబడ్డాయి. ఎరుపూ ఆకుపచ్చా అతని కంటికి ఒకే బురద. ఊళ్లో మాత్రం మోకాలు బాగాలేక తీసుకోలేదని చెప్పుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోడానికి, గుర్తొచ్చినప్పుడల్లా కాస్త కుంటేవాడు కూడా.

ఆఫీసులోకి హీట్ మ్యాపులు వచ్చాక అతని పని దొంగకు తేలు కుట్టినట్టయింది. నిలువునా గంటలు, అడ్డంగా రోజులు, గడికో రంగు. కరెంటు తక్కువ వాడితే ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు. ఆ పటం తయారుచేసేది అతనే, చూడలేనిదీ అతనే. గడుల్లో అంకెలుంటే చదివి నెట్టుకొచ్చేవాడు. ఎవరికైనా చూపించాల్సి వస్తే ముందురోజు కాగితం ఇంటికి పట్టుకెళ్లేవాడు. భార్య పిర్కో వంటింటి బల్ల మీద పరుచుకుని, "ఇదిగో, ఇక్కణ్నించి ఇక్కడిదాకా ఎరుపు. శనివారాలు చూడు, నిప్పుకణికలే" అనేది. నిప్పుకణిక ఎలా ఎర్రగా ఉంటుందో అతనికి తెలియదు. పిర్కో చెబితే తెలిసినట్టే ఉండేది.

ఆ పొద్దున కొత్త మేనేజరు పెట్రి బల్ల దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడు.

"ఇల్పో, మధ్యాహ్నం బోర్డువాళ్లకి ఏడాది మ్యాపు మీరే చూపించాలి. సరస్సు ఆవలి గట్టు ట్రాన్స్‌ఫార్మరు మార్చాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుస్తారు. అంకెలు తీసేయండి, వాళ్లకి కళ్లు తిరుగుతాయి. ఉత్త రంగులుంచి, వాడకం ఎక్కడ ఎక్కువో వేలు పెట్టి చూపిస్తే చాలు."

"సరే" అన్నాడు ఇల్పో. ఇంటికెళ్లి పిర్కోను అడిగొచ్చే వ్యవధి లేదు. వచ్చే వసంతంలో రిటైరై పింఛను. ఇంతకాలం కడుపులో దాచుకున్నది ఇవాళ అందరి ముందూ, తప్పు గడి మీద వేలు పెట్టి తనే బయటపెట్టుకోవాలి. అంకెలు తీసేశాడు. తెర నిండా బురద పరుచుకుంది.

ఎదురు బల్ల సిర్పా యాలకుల బన్ను నములుతూ అతన్నే చూస్తోంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు.

"ఏం ఇల్పో, సంతలో దూడను పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నావ్?"

అతను తెర వైపు చూపించాడు. సావో సీమ మనిషి ఏదీ సూటిగా చెప్పడు కదా. "తెర పాతదైపోయినట్టుంది."

"తెర మొన్ననే మార్చారు. నీ మొహమే పాతది."

ఇల్పో అరచేతులు చూసుకున్నాడు. "సిర్పా, నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. పుట్టినప్పట్నించీ."

ఆమె నమలడం ఆపింది. నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"మరి మోకాలో?"

"మోకాలు శుభ్రంగా ఉంది."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ" అంది సిర్పా. చేతులు తుడుచుకుని, కుర్చీ అతని పక్కకు లాక్కుంది. "నీలం కనబడుతుందా? పసుపు?"

"కనబడతాయి."

"అయితే ఇంత అఘోరించడం దేనికి?" అని, రంగుల పట్టిక తెరిచి మార్చేసింది.

బురద విడిపోయింది. ఏడాది పొడుగునా ముదురు నీలం. అందులో వారానికొకచోట, సాయంత్రం ఆరింటి నుంచి, పసుపు గడులు. చీకట్లో అవతలి గట్టున దీపాలు పెట్టిన కిటికీల్లా వరసగా ఉన్నాయి. శనివారాలు. ఊరంతా ఆవిరి స్నానానికి కరెంటు సౌనా పొయ్యిలు పెట్టే వేళ. జూన్‌లో నడివేసవి పండక్కి ఆ వెలుగు ఒకరోజు ముందుకు జరిగింది. క్రిస్మస్ ముందునాడు మధ్యాహ్నానికే వచ్చేసింది. ఎవరూ ఎవరికీ కబురు పెట్టలేదు. మాటల్లేని అన్నదమ్ములూ, విడిపోయిన మొగుడూ పెళ్లాలూ, కొత్తగా బిడ్డను కన్నవాళ్లూ, అందరూ ఒకే వేళకు మీట తిప్పి, పొయ్యి మీది రాళ్లు కాగేదాకా కాచుకుని కూర్చున్నారు. ఆ అంకెలన్నీ ఇల్పోకి కంఠతా వచ్చు. చూడటం ఇదే మొదలు. వేలవేల ఇళ్లు ఇలా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటాయా? పిర్కో ఇన్నేళ్లుగా చూస్తూ వచ్చింది దీన్నా?

"బాగుందే" అన్నాడు. సావోలో అంతకు మించిన పొగడ్త లేదు.

మధ్యాహ్నం తెర ముందు నిలబడి, పసుపు గడి మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఇది మనం" అన్నాడు. బోర్డువాళ్లు ట్రాన్స్‌ఫార్మరు మార్చాలని తేల్చారు.

సాయంత్రం ఇంటికొస్తూనే, బూట్లయినా విప్పకుండా, "పిర్కో, ఇవాళ శనివారాలు చూశాను" అన్నాడు. సిర్పా చేసిన ఉపకారమంతా చెప్పుకొచ్చాడు.

"నేను చెబుతుంటే ఇన్నాళ్లూ నమ్మలేదన్నమాట" అంది పిర్కో, చేపల పులుసు కలుపుతూ.

"నమ్మాను. నువ్వే సగం చెప్పావు."

"అదంతా చెప్పడానికి మాటలుండొద్దూ."

ఆ శనివారం ఆరింటికి ఇద్దరూ ఎప్పటిలాగే సౌనాలో కూర్చున్నారు. కాసేపటికి అతను చల్లగాలికి అరుగు మీదికి వెళ్లాడు. పిర్కో రాళ్ల మీద ఇంకో గరిటెడు నీళ్లు పోసి, తనూ బయటికొచ్చింది. ఇల్పో గోడకానుకుని సరస్సు వైపు చూస్తున్నట్టే ఉన్నాడు. భుజాల మీంచి ఆవిరి ఇంకా లేస్తోంది. ప్రాణం మాత్రం లేదు.

సోమవారం ఆ వారం పటం సిర్పానే వేసింది, నీలంలోనూ పసుపులోనూ. శనివారం సాయంత్రం ఎప్పటిలాగే వెలిగింది. అందులో ఇల్పో పొయ్యి కూడా ఉంది. ఆ సంగతి తోచాక ఆమె తెర మీంచి కళ్లు తిప్పేసుకుంది.

ఎదుటి కుర్చీకి అతని ఆకుపచ్చ ఉన్ని స్వెట్టరు తగిలించి ఉంది. దాని చేతికి చిరుగు పడితే పిర్కో మాసిక వేసిచ్చింది. "మా ఆవిడ పనితనం చూడండి, ఎక్కడ కుట్టిందో కనిపెట్టండి చూద్దాం" అని అతను గొప్పలు పోతుంటే, వేళాకోళమనుకుని ఆఫీసంతా నవ్వేది. స్వెట్టరు అలాగే వేలాడుతోంది, మోచేతి దగ్గర అరచేతంత ఎర్రటి మాసికతో.