కన్ను లేని చేప

ఆ ద్వీపంలో ఇళ్ల గోడలన్నీ సన్నటి బద్దలవే. బద్దకీ బద్దకీ మధ్య వేలు దూరేంత సందు. మీరు దగ్గితే పక్కింటివాళ్లు అల్లం పట్టుకొచ్చే చోట బ్రిసేయిదా ఒక రహస్యం దాచాలనుకుంది. ఆమె ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

రహస్యం ఒక డిజైను. అక్కడి ఆడవాళ్లు రవికకు ముందొకటి, వెనకొకటి మోలా అనే బొమ్మగుడ్డ కుట్టుకుంటారు. రంగురంగుల గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైగుడ్డను కత్తిరించి అంచు మడిచి కుడితే కింది రంగు బయటపడుతుంది. కొత్త డిజైను ఎవరు వేసుకున్నా నాలుగు రోజుల్లో ఊరంతా దించేస్తుంది. పేరు మాత్రం మొదట ఎవరి దగ్గర కనబడితే వాళ్లది. పక్కింటి రుఫీనా ఎప్పుడో ఒక పీతను కుట్టింది. ఇప్పటికీ అది 'రుఫీనా పీత'. ఆ పీత తర్వాత ఆవిడ నడకే మారిపోయింది. అది చూసి బ్రిసేయిదాకు ఒళ్లు మండేది.

ఒకరోజు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మోకాలి లోతు నీళ్లలో పగడపు గుండొకటి కనిపించింది. దాని మీద మెలికలు మెలికలుగా దారులు, ఎక్కడా ఒకదాన్నొకటి తాకకుండా. చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"ఏమే, కాల్లో ఏమన్నా గుచ్చుకుందా?" అని పడవలోంచి అరిచాడు భర్త అతీలియో.

"నువ్వు నోర్మూసుకుని చేపలు పట్టుకో. ఇక్కడ నిలబడ్డానని ఎవరికైనా చెప్పావో, నీకు రాత్రికి కూడే లేదు!"

మేనకోడలు పెద్దమనిషైన పండుగకు ఆ మెలికలనే రవిక మీద కుట్టి తొడుక్కుని వెళ్లాలని ఆమె పట్టుదల. ముందు మోలా పూర్తయింది. ఈలోగా పండుగకని కాచి కుండల్లో పోసిన చెరకు రసం అనుకున్నదానికన్నా ముందే పులిసింది. రుచి చూసే పెద్దలు పెదాలు చప్పరించి, ఇంకో నాలుగు రోజులకే పండుగ అన్నారు. కల్లు ఆగదు కాబట్టి ఎవరి డిజైను కోసమూ పండుగ ఆగదు.

పండుగ పనుల్లో తనకు తీరిక దొరకదు, గత్యంతరం లేక వెనక మోలా తల్లి చేతికిచ్చింది. ఒలోవిలి ఒకప్పుడు గొప్ప పనిమంతురాలు. చూపు మందగించాక ఆమెకు సూది ఇచ్చినవాళ్లు లేరు.

"అమ్మా, అచ్చం ఇలాగే కుట్టు. ఎవరికీ చూపించకు."

"నేనెవరికి చూపిస్తానే? నాకే కనబడి చావదు."

వెలుతురు కోసం ముసలావిడ గుమ్మంలో కూర్చుంది. ఇక దాచడమేముంది, దారిన పోయే ప్రతి ఆడదీ ఆగింది, పలకరించింది, కళ్లతోనే డిజైను కొలుచుకుపోయింది. ఒక మూల దారులు కలవక చిల్లు పడితే, ఆవిడ దాని మీద గుండ్రంగా పసుపు ముక్క వేసి కుట్టేసింది. బ్రిసేయిదా ఆ మచ్చ చూసి నెత్తి కొట్టుకుంది. వెనకవైపే కదా అని సర్దుకుంది.

పండుగ పందిట్లో అడుగుపెట్టేసరికి ప్రతి గుండె మీదా మెలికలే, ప్రతి మెలికల మూలా పసుపు మచ్చే. బ్రిసేయిదాకు ఏడుపొచ్చినంత పనైంది.

రుఫీనా దగ్గరికొచ్చి ఆమె రవికను ముందువైపు కిందికీ పైకీ చూసింది. "అయ్యో పిచ్చిపిల్లా, నీ చేపకు పసుపు కన్నేదే?"

"చేపేంటి వదినా? అది చేప కాదు!"

"ఒలోవిలి చేప కాకపోతే మరేంటి? ఊరంతా చక్కగా దించుకుంది, కడుపున పుట్టినదానివి నీకే కుదరలేదా! రేపు రా, కన్నెలా పెట్టాలో నేను చెప్తాలే."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు జాలిపడ్డారు. వాళ్ల మధ్య పీట మీద ఒలోవిలి కూర్చుని ఉంది. ఒకరు సొరకాయ చిప్పతో కల్లు అందిస్తున్నారు, ఇంకొకరు విసనకర్రతో విసురుతున్నారు. ఇన్నేళ్లలో ఆ ముఖం అంతలా వెలగడం బ్రిసేయిదా చూడలేదు. పగడం దగ్గర నిలబడింది నేనని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనడానికే తల్లి పీట దగ్గరికి నడిచింది.

"మా పిల్లకి మొదట్నుంచీ ఓపిక తక్కువమ్మా, ఏమనుకోకండి," అంటోంది ఒలోవిలి అందరితో. "ఏమే, కన్ను మర్చిపోయావా?"

"మర్చిపోయానమ్మా."

ముసలావిడ తృప్తిగా తలూపి, "రుఫీనాకు వినబడలేదటే. కాస్త గట్టిగా చెప్పు," అంది.