ఎర్ర సిరా ఏరు

సతీష్ దుకాణంలో రెండు స్కానర్లున్నాయి. ఒకటి కొత్తది, పల్చటిది. అంగుళానికి తొమ్మిది వేల ఆరువందల చుక్కలు చదువుతుందని డబ్బా మీద పెద్దగా రాసి ఉంది. రెండోది బరువైనది, మూత మీద దుమ్ము. దాని శక్తి ఆరువందల చుక్కలే.

"ఇంకేటి ఆలోచన మాస్టారూ?" అన్నాడు సతీష్. విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో కంప్యూటర్ దుకాణం పెట్టినవాడు. "తొమ్మిది వేలెక్కడ, ఆరొందలెక్కడ? దీన్లో చీమ కాలు ఏనుగు కాలంత కనపడతాదండి."

డబ్బా పక్కకు తిప్పాను. అసలు సంగతి అక్కడ సన్న అక్షరాల్లో ఉంది. దీని కన్ను చూసేదీ ఆరువందల చుక్కలే. మిగతావి పక్క చుక్కలను బట్టి ఊహించి నింపుతుంది. ఐదు నెలల క్రితం నా భార్య పార్వతి పోయినప్పుడు బడిలో పెట్టిన సంతాప సభ గుర్తొచ్చింది. ఆమెను రెండుసార్లు చూసినవాళ్ళు అరగంటసేపు మాట్లాడారు.

"ఇది నా కంప్యూటర్‌కు తగలదు. దానికి యు.ఎస్.బి. లేదు" అన్నాను.

బదిలీ అయిన గని ఇంజనీరు వెళ్తూ వెళ్తూ అమ్మిన కంప్యూటర్ అది. ఈ 2002 నాటికే పాతది. వెనక ప్రింటర్ తగిలించుకునే పొడవాటి పోర్టు ఒక్కటే ఉంది. దుమ్ము పట్టిన ఆ పాత స్కానరైతే దానికే తగులుతుంది.

"అయితే ఆ డబ్బా పారేసి కొత్తది కొనండి. ఇంతకీ దేన్ని స్కాన్ చేస్తారు?"

సంచిలోంచి పార్వతి నోటుపుస్తకం తీశాను. ఇక్కడి అడవి పల్లెల్లో గిరిజనులు మాట్లాడే దోర్లి మాటలు, తెలుగు మాటలు, రెండూ తెలుగు లిపిలోనే. దోర్లికి ఎర్ర సిరా, తెలుగుకు నీలం. రంగు తప్ప ఇంకో గుర్తు పెట్టలేదు. ఎర్ర సిరా వెలిసిపోతోంది. కొన్ని పేజీల్లో అప్పుడే గులాబీ రంగుకు వచ్చింది. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే ఏది ఎవరి మాటో చెప్పగలిగేవాళ్ళు ఉండరు. చెప్పగలిగిన మనిషి లేదు.

"ఓస్, ఇంతేనా" అని మొదటి పేజీని కొత్త స్కానర్ మీద బోర్లించాడు. నిమిషంలో ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. తెల్లటి కాగితం, నల్లటి అక్షరాలు.

"రంగు ఏది?"

"అక్షరాలకి రంగెందుకండీ, పెళ్ళి ఫోటోలా? మరకలు కూడా తీసీసాను చూడండి." కాగితంలోకి తొంగిచూశాడు. "ఇదేటి, మేడమ్ గారు ప్రతి మాటా రెండేసిసార్లు రాశారు? ఏరు, ఏరు. ఒకటి కొట్టీయండి, సగం పని తగ్గుద్ది."

అది రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించే మాటల పేజీ. పార్వతి పుస్తకం దానితోనే మొదలైంది. చెప్పలేదు. చెప్పినా ఇతను పక్క చుక్కలను బట్టి నింపుకుంటాడు.

ఇతన్ని చిన్నచూపు చూసే హక్కు నాకూ పెద్దగా లేదు. మద్దేడ్ దగ్గర బడిలో నా మొదటి ఏడాది. పుస్తకాలు హిందీలో, నేను తెలుగులో, పిల్లలు దోర్లిలో. ఒకరోజు దేవే అనే ఆరేళ్ళ పిల్ల లేచి "ఏరు" అంది. ఏటికి పోతానంటోందనుకుని కూర్చోమన్నాను. మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చోబెట్టాను. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ పిల్ల బోరింగు దగ్గరికి పరిగెత్తి, కడుపు నిండా తాగింది. దోర్లిలో ఏరు అంటే నీళ్ళని నాకింకా తెలియదు.

ఆ రాత్రి పిల్ల అన్న మాట పార్వతికి చెప్పాను. మర్నాడు సాయంత్రం అందుకుంది. "ఏంది మాస్టరూ, పోరి నీళ్ళడిగితే కూసోబెట్టినవా? ఆ మాట నేనింటే అప్పుడే పోల్చేదాన్ని." ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళూ నేను నీళ్ళడిగినప్పుడల్లా ఒకటే మాట. "నీళ్ళా, ఏటికి పోతవా?"

"ఆ పాతది ఇవ్వు" అన్నాను సతీష్‌తో.

"అది రెండేళ్ళ నుంచి పడుందండి. ఒక్క పేజీకి టీ తాగి రావచ్చు."

"తాగుతాను."

నవ్వాడు. సరుకు విలువ ఎరగని ముసలి మాస్టారనుకుని ఉంటాడు. అనుకోనిచ్చాను.

ఇంట్లో మొదటి పేజీ పెట్టి, రంగు ఎంచుకుని, పూర్తి ఆరువందల చుక్కలు అడిగాను. పేజీ మొత్తం ఒక్కసారి మోయలేక కంప్యూటర్ ఆగిపోయింది. నాలుగు వరుసలు మాత్రమే అడిగాను. దీపం అంగుళం కదిలేది, ఆగేది. చాలాసేపటికి తెర మీద పైనుంచి కిందకి రంగు దిగింది. నీలం ఏరు, దాని పక్కన ఎర్ర ఏరు. పెద్దది చేసి చూశాను.

ఎర్ర ఏరు ఉన్నచోట కాగితం పొర లేచి ఉంది. బ్లేడుతో గీకిన చోటు. పుస్తకంలో చూసి దాన్ని మరకే అనుకున్నాను. సతీష్ కొత్త స్కానర్ దాన్ని తుడిచేసింది. ఇక్కడ ఎర్ర 'రు' వెనకాల లేత నీలం గీతలున్నాయి. ఇంకా పెద్దది చేశాను. 'టికి' అని ఉంది.

ఏటికి.

ఆ రాత్రి ఆమె కూడా నాలాగే ఏటికనే అనుకుని నీలం సిరాతో రాసుకుంది. మర్నాడు దేవే తల్లినో ఎవరినో అడిగి తెలుసుకున్నాకే గీకి, ఎర్ర సిరాతో దిద్ది, తర్వాత నన్ను చూసి నవ్వింది. పద్దెనిమిదేళ్ళు.

మిగతా వరుసలు స్కాన్ చేసేసరికి పొద్దు వాలింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు ముంచుకుని నీళ్ళు తాగాను. ఎవరూ ఏమీ అనలేదు.