ఎవరి గ్లాసు వారిది

పుష్పవతి బ్లీచింగ్ నీళ్ళలో గుడ్డ పిండి, బయటి బెంచీని రెండోసారి తుడుస్తోంది. తమిళనాడు గుడియాత్తంలోని ఆ చిన్న క్లినిక్కులో ఆమె పనంతా గేటు దగ్గరే. జ్వరంతోనో గొంతునొప్పితోనో వచ్చినవాళ్ళను లోపలికి పోనివ్వకుండా, మాస్కు ఇచ్చి, రేకుల నీడన ఈ బెంచీ మీద కూర్చోబెట్టాలి. చుట్టుపక్కల డిఫ్తీరియా కనబడుతోందని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆపేసే జబ్బు.

పుష్పవతి పొట్టి మనిషి. బ్లీచింగుకు వేళ్ళ చివర్లు పాలిపోయి చీలాయి. మొగుడు పోయాక మగ్గం అమ్మేసి ఈ పనిలో చేరింది. శుభ్రం పిచ్చి అప్పుడే పట్టుకుంది. ఎవరింటికి పోయినా సంచిలో సొంత స్టీలు గ్లాసు ఉండాల్సిందే. వీధిలోవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. పక్కింటి మోహనైతే మొహం మీదే నవ్వేది.

ఆ మోహనే ఇప్పుడు మొగుడు ధనశేఖర్ భుజం పట్టుకుని గేటు దాటింది. మెడ వాచి చెవుల దాకా ఉబ్బింది.

"అక్కా, నీళ్ళు గూడా దిగల్యా," అంది బొంగురు గొంతుతో.

పుష్పవతి గుడ్డ పడేసి ఎదురెళ్ళింది. అయినా చెయ్యి బెంచీ వైపే చూపింది.

"ఈడ కూర్చో మా. లోపల పసిబిడ్డలుండారు."

"పరాయిదాన్ని బెట్టినట్ల బెడితివే, అక్కా."

"నువ్వైనా నేనైనా ఈడనే మా. ముందు మాస్కు ఏసుకో."

అలా అన్నందుకు ఆమెకే ఏడుపొచ్చింది.

డాక్టరు బయటికే వచ్చి టార్చి వేసి చూశాడు. వెంటనే వేలూరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి అంబులెన్సు పిలిపించాడు. ధనశేఖర్‌కు జబ్బు అంటకుండా మాత్రలిచ్చి, పుష్పవతి వైపు తిరిగి తమిళంలో అడిగాడు, మోహన కంచంలో తిన్నావా, ఆమె గ్లాసులో తాగావా అని. లేదంది. తన గ్లాసు తనదేనంది, కాస్త గర్వంగానే.

అంబులెన్సు ఎక్కుతూ మోహన వెనక్కి తిరిగింది. "మగ్గం మింద లుంగీ సగంలో ఉండాది. సాయంత్రం నువ్వు ముగించేయ్ అక్కా. వచ్చి చూస్తా."

సాయంత్రాలు మోహన వంటకు లేస్తే, ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పుష్పవతి కూర్చునేది. సొంత మగ్గం పోయినా చేతులు ఊరుకునేవి కావు.

ఆ రోజూ పని దిగి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని మోహన మగ్గం ముందు కూర్చుంది. అప్పుడే ధనశేఖర్ ఫోన్ చేశాడు.

"పోయిందక్కా. మందు ఎక్కిస్తానే ఉండారు. ఊపిరి అందల్యా."

ఫోను పక్కన పెట్టింది. తను చూపిన ఆ బెంచీయే కళ్ళముందు మెదిలింది. మోహన చివరిగా అడిగింది ఈ లుంగీ ఒక్కటే. ముగించాలి అనుకుంది.

పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు కండె అయిపోయి ఉంది. కొత్త కండె పెట్టింది. నాడె పక్కనున్న చిన్న కన్నంలోంచి దారం కొస బయటికి రావాలంటే నేతవాళ్ళు చేసేది ఒకటే. కన్నానికి నోరు పెట్టి ఊపిరి లోపలికి పీల్చడం. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని. పుష్పవతి నాడెను పెదవుల దాకా ఎత్తింది. దాని చెక్క నుంచి సోంపు వాసన వచ్చింది. మోహన ఎప్పుడూ నమిలే సోంపు.

చెయ్యి ఆగిపోయింది.

నిన్న మోహన నోరు తీసిన చోటే తను నోరు పెట్టింది. మొన్నా అంతే. పొద్దున డాక్టరు గ్లాసు గురించి అడిగాడు గానీ, నాడె సంగతి ఆయనకేం తెలుసు? తెలిసిన తనకే గుర్తు రాలేదు. నాడెను లుంగీపైన పెట్టేసింది. గుటక వేసి చూసుకుంది. గొంతు నొప్పిగా ఉంది. అది ఏడుపు వల్లో, మరి దేనివల్లో తెలియలేదు.

మాస్కు వేసుకుని, సంచి కూడా మరిచిపోయి, క్లినిక్కుకు నడిచింది. నర్సు లోపలికి రమ్మని పిలిచింది.

"నేనీడనే ఉంటా మా. డాక్టర్ని బయటికి రమ్మను," అని, పొద్దున మోహన కూర్చున్న చోట కూర్చుంది.

మోహన మగ్గం మీద, సగం నేసిన లుంగీపైన, నాడె అలాగే పడి ఉంది. కొత్త కండె దారం ఇంకా దాని కన్నం దాటలేదు.