బామ్మర్ది చిత్రిక

వారం నుంచి పెద్దమేస్త్రికి మనసు మనసులో లేదు. పనికి కొదవ లేదు, కలపకు కొదవ లేదు. చిక్కల్లా గోడవతలి చప్పుడుతోనే.

పక్క వడ్రంగి కొట్టు బామ్మర్దిది. నిన్నమొన్నటిదాకా ప్రతి పలకా భుజాన వేసుకొచ్చి, "బావా, మిషన్ కాస్త వదులుతావా" అని గుమ్మంలో నిలబడేవాడు. చెక్క నునుపు చేసే మిషన్ ఆ వీధికంతా అదొక్కటే. అది ఖాళీగా ఉన్నా, తాపీగా టీ తాగాకే తలాడించేవాడు పెద్దమేస్త్రి. ఇప్పుడు వాడెక్కడో పాత చేతి చిత్రిక సంపాదించి, తన కొట్లోనే సర్రుసర్రున తోసుకుంటున్నాడు. చెవిలో జోరీగ.

"మా తమ్ముడు మిమ్మల్నేమన్నాడని అంత ఉడుకు?" అంది పెళ్లాం.

"ఏమీ అనలేదు. వారమైంది, ఒక్కమాట అడగలేదు."

మర్నాడు తనే బామ్మర్ది కొట్టుకి వెళ్లాడు. వాడు ఆసుపత్రి తలుపులు ఆ సాయంత్రానికి ఇవ్వాలి. సొంతంగా పట్టుకున్న మొదటి పని. ఒక్క తలుపే మిగిలింది.

"భలే తేల్చావురా నునుపు. ఏదీ, ఆ చిత్రిక ఇటివ్వు."

బావ నోట మెప్పు. వాడు పొంగిపోయి ఇచ్చాడు. పెద్దమేస్త్రి మూలనున్న పాత చట్రం లాక్కున్నాడు. అందులో మేకు చూశాడు. చూసే, ఒళ్లు బరువంతా వేసి తోశాడు. బ్లేడు అంచు విరిగిపడింది.

"అయ్యో, మేకు కనబళ్లేదురా."

బామ్మర్ది మేకును చూశాడు, బావను చూశాడు. వాడికి తెలిసింది. తెలిసిందని బావకూ తెలిసింది.

"పర్లేదు బావా."

"మిషనుందిగా. నేనేమన్నా పరాయివాణ్ణా?"

మధ్యాహ్నానికి గుమ్మంలో బామ్మర్ది, భుజాన తలుపు చెక్క. "బావా, మిషన్ కాస్త..."

మిషన్ ఆగే ఉంది. "గట్టిగా చెప్పరా, వినబళ్లేదు."

గట్టిగా చెప్పాడు. అయినా పొద్దువాలేదాకా నిలబెట్టి అప్పుడు వదిలాడు. ఆసుపత్రి గుమాస్తా వచ్చేసరికి వాడింకా ఆ మిషన్ దగ్గరే ఉన్నాడు.

"ఇక్కడ చేయిస్తున్నావా? మరి సొంత కొట్టన్నావే."

"ఉందండీ. కానీ... బావ చలవ."

"అయితే వచ్చేసారి నేరుగా మీకే చెప్తాం మేస్త్రీ."

"అలాగే. వీడికీ ఏదో ఓ పని పడేస్తాన్లెండి." పెద్దమేస్త్రి బామ్మర్ది భుజమ్మీద చెయ్యి వేశాడు. ఆ భుజం వణుకుతోంది. వణుకు అరచేతికి హాయిగా తగులుతుంటే, గుమాస్తా వెళ్లిపోయినా చెయ్యి తీయలేదు.